ఇంటికి లైనక్స్ లాప్‌టాప్ వచ్చింది... పాత కంప్యూటర్‌తో కలిపేదెలా?

మా ఆవిడ హోసూరు దగ్గర ఒక తెలుగు మాధ్యమ బడిలో తెలుగు టీచర్. ప్రశ్నపత్రాలు, పాఠాల నోట్సు, మాదిరి ప్రశ్నలు అన్నీ ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో తనే టైపు చేసుకుంటుంది. మా ప్రాంతంలో తెలుగు మాధ్యమం పిల్లలకు గైడ్లు, మోడల్ పేపర్లు అంగట్లో దొరికేవి తక్కువ. టీచర్లు తయారుచేసి ఇచ్చిందే పిల్లలకు గైడు. అందుకే ఆ కంప్యూటర్‌లోని పదేళ్ల ఫైళ్లంటే ఆమెకు ప్రాణం.

ఈ జనవరిలో పదో తరగతి రివిజన్ పరీక్షకు పేపరు తయారుచేసింది. కాలేజీ నుంచి సెలవుకొచ్చిన మా అమ్మాయి, మార్కుల పట్టిక సరిచేసిస్తానని ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తన లాప్‌టాప్‌కు తీసుకెళ్లింది. ఈలోగా వాళ్లమ్మ కంప్యూటర్‌లో ఉన్న పేపరులోనే రెండు ప్రశ్నలు మార్చింది. సాయంత్రం మావాడు పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టాడు. ‘ఈ పేరుతో ఫైలు ముందే ఉంది, దాని చోట ఇది పెట్టమంటారా?’ అని కంప్యూటర్ అడిగింది. పెట్టమన్నాడు. కొత్తది పోయి పాతది మిగిలింది. ముప్పై ఎనిమిది కాపీలు తీయించాం.

మరునాడు పరీక్ష గదిలో ఒక పిల్లవాడు లేచి, ‘‘మిస్, పద్నాలుగో ప్రశ్న వచ్చిన పాఠం మనమింకా చదవలేదు’’ అన్నాడు. ఆమె బోర్డు మీద సుద్దముక్కతో ప్రశ్న మార్చి రాసింది. అప్పటికే కొందరు ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయి పావుగంట పోగొట్టుకున్నారు.

ఆ రాత్రి ఇంట్లో ఒకటే మాట: ఒక ఫైలుకు రెండు కాపీలు ఉండకూడదు. రెండు కంప్యూటర్లూ ఒకే ఫైలును చూడాలి. అంటే రెండింటినీ ఇంటి నెట్‌వర్క్‌లో కలపాలి. చిక్కల్లా ఒక్కటే. హాల్లోని కంప్యూటర్‌లో ఉన్నది విండోస్, అమ్మాయి లాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు లైనక్స్.

ఇలాంటి పరిస్థితి ఇప్పుడు చాలా ఇళ్లలో వస్తోంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత లాప్‌టాప్‌లు ఎన్నో విండోస్ 11 అడిగే అర్హతలకు సరిపోవు. వాటిలో లైనక్స్ వేసి తక్కువ ధరకు అమ్ముతున్నారు. మేం కొన్నదీ అలాంటిదే. తమిళనాడులో లైనక్స్ కొత్తేమీ కాదు. 2011లో ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు వాటిలో విండోస్‌తో పాటు, సీ-డాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా ఉండేది. కొన్ని ఇళ్లకు బెంగళూరులోనో పుణెలోనో ఉద్యోగం చేసే పిల్లల పాత మ్యాక్‌బుక్ వస్తుంది. పేరేదైనా ప్రశ్న ఒకటే: ఇది మన కంప్యూటర్‌తో కలుస్తుందా?

మేం లాప్‌టాప్ బాగుచేసే అంగడికి పోయి ఇదే అడిగాం. ‘‘కలవదు సార్. అదంతా తుడిచేసి విండోస్ వేసిస్తా, రేపు రండి’’ అన్నాడు. లైసెన్సు సంగతి అడిగితే నవ్వాడు. మేం లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాం. తర్వాత మూడు సాయంత్రాలు కూర్చున్నాం. పైసా ఖర్చు కాలేదు. రెండూ కలిశాయి. నేను కంప్యూటర్ పనివాణ్ని కాదు, సిప్‌కాట్‌లో ఒక కంపెనీలో స్టోర్సు చూసేవాణ్ని. నాకు చేతనైంది మీకూ చేతనవుతుంది.

రెండూ మాట్లాడుకునే భాష ఏది?

విండోస్, లైనక్స్, మ్యాక్... లోపల మూడూ మూడు రకాలు. కానీ బయటికి మాట్లాడేటప్పుడు మూడూ ఒకే ఉమ్మడి పద్ధతి వాడతాయి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, అంగట్లో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీనో మాట్లాడినట్టు. కంప్యూటర్లకు చిరునామాలిచ్చి సమాచారం చేరవేసే ఉమ్మడి పద్ధతి పేరు టీసీపీ-ఐపీ. అందుకే ఏ లాప్‌టాప్ అయినా రౌటర్‌కు తగిలించగానే ఇంటర్నెట్ వస్తుంది.

ఫైళ్లు పంచుకోవడానికి ఇంకో పద్ధతి ఉంది. దాని పేరు ఎస్ఎంబీ. 1980లలో ఐబీఎంలో పుట్టింది, తర్వాత మైక్రోసాఫ్ట్ తన వ్యవస్థల్లో దాన్ని పెంచింది. విండోస్‌లో ‘షేర్’ చేసిన ఫోల్డర్ నడిచేది దీని మీదే. దీన్ని మిగతా వ్యవస్థలకు నేర్పింది ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో చదువుకుంటున్న ఆండ్రూ ట్రిడ్జెల్. 1991-92లో ఆయన రెండు కంప్యూటర్లు ఏం మాట్లాడుకుంటున్నాయో తీగ మీద గమనించి, అదే భాష మాట్లాడే ప్రోగ్రాము రాశాడు. దానికి పేరు వెతకడానికి కంప్యూటర్‌లోని నిఘంటువులో ఎస్, ఎం, బీ అక్షరాలు అదే వరుసలో వచ్చే మాటలు వెతికితే ‘సాంబా’ దొరికింది.

తన పద్ధతిని ఆయన ఫ్రెంచి హోటల్‌తో పోల్చాడు. భాష రాకుండా హోటల్లో కూర్చున్నాం. పక్క బల్ల వాళ్లు ఏ మాట అంటే ఏ తిండి వస్తోందో చూస్తూ ఒక్కొక్క మాటే నేర్చుకుంటాం. మన పిల్లలు వీధిలో రెండో భాష నేర్చుకునేదీ ఇలాగే కదా! ఇవాళ ఉబుంటు లాంటి లైనక్స్‌లలో ఈ సౌకర్యం ముందే ఉంటుంది. యాపిల్ కూడా 2013 నుంచి తన మ్యాక్‌లలో ఫైళ్ల పంపిణీకి ఎస్ఎంబీనే మొదటి పద్ధతిగా పెట్టుకుంది. కాబట్టి ‘కలవదు’ అనే మాటకు ఇప్పుడు ఆధారం లేదు. కలవడానికి మనం ఏం చేయాలన్నదే ప్రశ్న.

ముందు రౌటర్ చూడండి

మా మొదటి సాయంత్రమంతా ఇక్కడే పోయింది. కింద హాల్లో ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్ ఉంది. మేడ మీద గదికి సిగ్నల్ అందడం లేదని ఇంకో రౌటర్ కొని తగిలించాం. కంప్యూటర్ కింది దానికి, లాప్‌టాప్ పై దానికి తగులుకుని ఉన్నాయి. రెండింటిలోనూ ఇంటర్నెట్ బాగానే వస్తోంది. ఒకదానికొకటి మాత్రం కనపడలేదు.

ఇది తేల్చుకోవడం సులువు. ఇంట్లో ప్రతి కంప్యూటర్‌కూ రౌటర్ ఒక అంకెల చిరునామా ఇస్తుంది. విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ భాగంలో మీ కనెక్షన్ ప్రాపర్టీస్ చూడండి. ఐపీవీ4 అడ్రస్ అని ఉంటుంది. ఉబుంటులో సెట్టింగ్స్, వైఫై, మీ కనెక్షన్ పక్కనున్న పళ్లచక్రం బొమ్మ నొక్కితే అదే కనిపిస్తుంది. మా కంప్యూటర్ చిరునామా 192.168.1.10. లాప్‌టాప్‌ది 192.168.0.5. మామూలు ఇళ్లలో మొదటి మూడు అంకెలూ ఒకటే అయితే రెండూ ఒకే వీధిలో ఉన్నట్టు. మాకు మూడో అంకె తేడా. అంటే రెండు వీధులు, మధ్యలో గోడ.

దీనికి రెండు దారులు. రెండింటినీ ఒకే రౌటర్‌కు కలపడం ఒకటి. రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో ‘యాక్సెస్ పాయింట్’ అనే పద్ధతి ఉంటే దానికి మార్చడం రెండోది. అప్పుడది సొంతంగా చిరునామాలు పంచడం మాని, సిగ్నల్‌ను మాత్రం పైకి మోస్తుంది. మేం రెండోది చేశాం. లాప్‌టాప్ చిరునామా 192.168.1.14గా మారింది.

ఇంకొక సంగతి. కొన్ని రౌటర్లలో చుట్టాల కోసం ‘గెస్ట్’ వైఫై ఉంటుంది. దానికి తగులుకున్న పరికరాలు ఇంట్లోని మిగతా వాటిని చూడకుండా అడ్డుకట్ట ఉంటుంది. లాప్‌టాప్ అందులో ఉంటే మామూలు వైఫైకి మార్చండి.

విండోస్ వైపు చేయాల్సినవి

ఫైళ్లు ఉన్నది హాల్లోని కంప్యూటర్‌లో. కాబట్టి తలుపు తీయాల్సింది అదే. నాలుగు పనులున్నాయి.

మొదటిది, నెట్‌వర్క్ రకం. విండోస్ 11 కొత్త నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’గా, అంటే బస్టాండు వైఫైలాగా భావిస్తుంది. ఎవరికీ కనపడకుండా దాక్కుంటుంది. ఇంట్లో దాన్ని ‘ప్రైవేట్’గా మార్చాలి. తర్వాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయాలి.

రెండోది, ఒక కొత్త యూజరు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. మనం రోజూ కంప్యూటర్ తెరవడానికి నాలుగంకెల పిన్ కొడతాం. నెట్‌వర్క్‌లో ఆ పిన్ పనిచేయదు, అసలు పాస్‌వర్డ్ కావాలి. అది ఎప్పుడో పెట్టింది, ఎవరికీ గుర్తుండదు. అందుకని సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి పోయి, మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా ఒక సాధారణ యూజరును చేర్చండి. మేం ఇంగ్లిషు అక్షరాల్లో ‘ఇల్లు’ అని పేరు పెట్టి, మంచి పాస్‌వర్డ్ ఇచ్చాం. నెట్‌వర్క్ నుంచి వచ్చేవాళ్లు ఈ పేరుతోనే లోపలికి వస్తారు.

మూడోది, పంచుకునే ఫోల్డర్. డెస్క్‌టాప్‌నో మొత్తం డ్రైవునో పంచొద్దు. డీ డ్రైవ్‌లో ‘బడి’ అని ఒక ఫోల్డర్ చేసి పంచాల్సినవన్నీ అందులోకి మార్చాం. ఫోల్డర్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్, షేర్. అక్కడ కొత్త యూజరును ఎంచుకుని ‘రీడ్’ ఇస్తే చదవడం వరకే. ‘రీడ్-రైట్’ ఇస్తే మార్చడమూ కుదురుతుంది. మేం రెండు ఫోల్డర్లు పెట్టాం. ప్రశ్నపత్రాలు, నోట్సు ఉన్నదానికి రీడ్-రైట్. కుటుంబ ఫొటోలున్నదానికి రీడ్ మాత్రమే.

నాలుగోది, నిద్ర. పని లేనప్పుడు కంప్యూటర్ నిద్రపోయేలా పెట్టి ఉంటే లాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ మాయమవుతుంది. ‘నిన్న వచ్చింది, ఇవాళ రావడం లేదు’ అనే ఫిర్యాదులో ముందు చూడాల్సింది ఇదే. పని చేసుకునే వేళల్లో నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్‌లో మార్చుకోండి. రెండో కారణం, రౌటర్ ఇచ్చే చిరునామా కరెంటు పోయి వచ్చాక మారిపోవడం. రౌటర్ పేజీలో ‘అడ్రస్ రిజర్వేషన్’ అని ఉంటే, కంప్యూటర్‌కు ఎప్పుడూ అదే చిరునామా ఇవ్వమని చెప్పొచ్చు.

లాప్‌టాప్ వైపు

ఇక్కడ పని తక్కువ. ఉబుంటులో ఏమీ కొత్తగా వేయనక్కర్లేదు. ‘ఫైల్స్’ తెరవండి. ఎడమ వైపు ‘అదర్ లొకేషన్స్’ అనో ‘నెట్‌వర్క్’ అనో ఉంటుంది. అక్కడ సర్వర్ చిరునామా రాసే గడి ఉంటుంది. అందులో ఎస్, ఎం, బీ అనే మూడు ఇంగ్లిషు చిన్నక్షరాలు, ఒక కోలన్, ముందుకు వాలిన గీతలు రెండు, ఆ వెంటనే కంప్యూటర్ చిరునామా రాయాలి. గీతలు ఎటు వాలాయో చూసుకోండి. విండోస్ తన ఫోల్డర్ల దారికి వెనక్కి వాలిన గీత వాడుతుంది, లైనక్స్, మ్యాక్‌లు ముందుకు వాలినది వాడతాయి.

కనెక్ట్ నొక్కగానే పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. లాప్‌టాప్ పాస్‌వర్డ్ కాదు, విండోస్‌లో ఇందాక చేసిన యూజరుది ఇవ్వాలి. డొమైన్ అనే గడిని ఉన్నదున్నట్టు వదిలేయండి. ఫోల్డర్లు కనపడ్డాక ఒకదాన్ని బుక్‌మార్క్ చేసుకుంటే, మర్నాటి నుంచి ఒక్క నొక్కు చాలు.

మ్యాక్ ఉన్నవాళ్లు ఫైండర్‌లో ‘గో’ మెనూలోకి పోయి ‘కనెక్ట్ టు సర్వర్’ ఎంచుకుని, అదే చిరునామా అదే తీరుగా రాయాలి. పిల్లలకు క్రోమ్‌బుక్ కొన్నవాళ్లకు కూడా దాని ఫైల్స్ యాప్‌లో ఎస్ఎంబీ ఫోల్డర్‌ను చేర్చే అవకాశం ఉంది.

ఆ రాత్రి మేడ మీద నుంచి ‘‘నాయనా, అమ్మ ఫోల్డర్ వచ్చేసింది!’’ అని కేక వినపడింది. వెంటనే ఇంకో కేక: ‘‘కానీ ఇందులో తెలుగు లేదు!’’

తెలుగు ఎందుకు చెదిరింది?

పైకి పోయి చూస్తే, వాళ్లమ్మ పదేళ్ల కిందట టైపు చేసిన వ్యాకరణం నోట్సు లాప్‌టాప్‌లో ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు కలగలిసిన పిచ్చిగీతల్లా ఉంది. నిరుడు టైపు చేసిన ఫైళ్లు మాత్రం చక్కగా తెలుగులోనే తెరుచుకున్నాయి. లైనక్స్‌కు తెలుగు రాదేమో అని ఆమె భయపడింది. తప్పు లైనక్స్‌ది కాదు.

పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు నిజానికి తెలుగుగా దాచబడదు. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీదనే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది తెలుగులా కనిపిస్తుంది. ఫాంటు లేనిచోట వేషం తీసేసి అసలు రూపం చూపిస్తుంది. ఇంట్లో నెట్‌వర్క్ కలిసినా ఇలాంటి ఫైలు కలవదు.

యూనికోడ్ వేరు. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. ‘అ’ సంఖ్య 3077. ‘క’ సంఖ్య 3093. విండోస్‌లో, లైనక్స్‌లో, మ్యాక్‌లో, మీ చేతిలోని ఫోన్‌లో ఎక్కడైనా అదే సంఖ్య. తెలుగుకు కేటాయించిన స్థానాలు 128. తమిళం, కన్నడం, ఒడియాలకు కూడా అంతే మేర, వేరే వేరే చోట్ల. మరాఠీ దేవనాగరిలో ఉంటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కవు.

మన బడులకు ఇది చిన్న విషయం కాదు. మా అమ్మాయి తమ్ముడి కోసం సైన్సు మాటల పట్టిక ఒకటి చేస్తోంది. ఒక వరుసలో తెలుగు, పక్కన తమిళం, ఆ పక్కన ఇంగ్లిషు. ‘కిరణజన్య సంయోగక్రియ’ పక్కన తమిళంలో ‘ఒళిచ్చేర్కై’, ‘సమీకరణం’ పక్కన ‘సమన్‌పాడు’. రేపు ఇంటర్ స్థాయిలో మాధ్యమం మారే పిల్లలకు ఇలాంటి పట్టిక ఎంత అవసరమో టీచర్లకు తెలుసు. పాత ఫాంట్లలో ఒక పేజీలో రెండు భాషలు పెట్టాలంటే మాటమాటకూ ఫాంటు మార్చాలి. పొరపాటున మొత్తానికి ఒకే ఫాంటు పడితే తెలుగు, తమిళం రెండూ చెడతాయి. యూనికోడ్‌లో ఆ బెడద లేదు. బళ్లారి, కోలారుల్లో కన్నడంతో, బరంపురం, పర్లాకిమిడిల్లో ఒడియాతో, సోలాపూర్‌లో మరాఠీతో ఇలాంటి పట్టికే చేసుకోవచ్చు.

మరి పాత ఫైళ్ల సంగతి? మేం మూడు రకాలుగా విడదీశాం. ఇక మార్చాల్సిన పని లేనివి విండోస్ కంప్యూటర్‌లోనే తెరిచి పీడీఎఫ్‌లుగా దాచాం. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా ఫైలులోనే ఉండిపోతుంది కాబట్టి ఎక్కడ తెరిచినా కనపడుతుంది. ఏటా వాడుకునేవి ఫాంటు మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి తెచ్చాం. మార్పిడి తర్వాత ఒకసారి చదివి తీరాలి. ఒత్తులు, అరసున్నలు, అంకెలు అక్కడక్కడా తారుమారవుతాయి. వ్యాకరణం నోట్సులో అలాంటి తప్పు పడితే పిల్లలు తప్పే నేర్చుకుంటారు. ఇక పనికిరానివి కదపకుండా ఒక పక్కన పెట్టాం.

కొత్తగా టైపు చేసేదంతా యూనికోడ్‌లోనే. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్, లైనక్స్, మ్యాక్ మూడింటిలోనూ ఉంది. ఒకసారి నేర్చుకుంటే ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా వేళ్లు తడబడవు. ఉబుంటులో సెట్టింగ్స్, కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగును చేర్చుకోవాలి. ఫాంటు కూడా రెండింటిలోనూ ఒకటే ఉండాలి. లేకపోతే ఒకచోట రెండు పేజీల్లో సరిపోయిన పేపరు ఇంకోచోట మూడో పేజీలోకి జారుతుంది. ఉచితంగా వాడుకోదగ్గ తెలుగు యూనికోడ్ ఫాంట్లు చాలా ఉన్నాయి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, ఎన్టీఆర్... పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు పేరుతో ‘గిడుగు’ ఫాంటు కూడా ఉంది. నచ్చినదాన్ని రెండు కంప్యూటర్లలోనూ వేసుకుంటే సరి.

ప్రింటరు

వైఫై ఉన్న కొత్త ప్రింటర్లను ఉబుంటు చాలావరకు తనే గుర్తుపడుతుంది. మాది పాతది, యూఎస్‌బీ తీగతో విండోస్ కంప్యూటర్‌కు కట్టేసి ఉంది. దాన్నీ షేర్ చేయొచ్చు కానీ, అలాంటి కొన్ని ప్రింటర్లకు లైనక్స్‌లో సరైన డ్రైవర్ దొరకదు. ఒక రోజు తంటాలు పడి మానేశాం. ఇప్పుడు పంచుకున్న ఫోల్డర్ లోపల ‘ప్రింటుకు’ అని ఇంకో ఫోల్డర్ ఉంది. అమ్మాయి పని పూర్తికాగానే పీడీఎఫ్‌గా అందులో దాస్తుంది. హాల్లో ఎవరున్నా తెరిచి ప్రింటు ఇస్తారు. అన్ని చిక్కులకూ యంత్రంలోనే సమాధానం వెతకాల్సిన పని లేదు.

తాళం, రెండో కాపీ

వెతికితే పాత సలహాలు చాలా దొరుకుతాయి. కొన్ని ఇప్పుడు చెల్లవు. ‘హోమ్‌గ్రూప్ చేయండి’ అంటారు. దాన్ని మైక్రోసాఫ్ట్ 2018లోనే విండోస్ 10 నుంచి తీసేసింది. ‘ఎస్ఎంబీ మొదటి వెర్షన్ ఆన్ చేయండి’ అంటారు. అది చేయొద్దు. 2017 మేలో ప్రపంచమంతా కంప్యూటర్లను స్తంభింపజేసిన వానాక్రై వైరస్ పాకింది ఆ పాత వెర్షన్‌లోని లోపం గుండానే. కొత్త విండోస్‌లో అది మామూలుగా ఉండదు, ఉండనక్కర్లేదు. ఇప్పటి లైనక్స్, మ్యాక్‌లు కొత్త వెర్షన్లే మాట్లాడతాయి. ‘పాస్‌వర్డ్ తీసేస్తే సులువు’ అనే మాటా వినొద్దు. వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతి ఫోనుకూ ప్రశ్నపత్రాల ఫోల్డర్ తెరిచి పెట్టినట్టవుతుంది. టీచర్ల ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. పరీక్ష రాయబోయే పిల్లలు ఇంట్లోనే ఉంటే, రాబోయే పేపర్లను ఈ పంపకంలో పెట్టకపోవడమే మంచిది.

పంచుకున్న ఫోల్డర్ అంటే భద్రమైన ఫోల్డర్ అని అర్థం కాదు. ఒకే కాపీ ఉంది కాబట్టి, అది పోతే అంతా పోయినట్టే. వారానికొకసారి బయటి డిస్కులోకి కాపీ తీయాలి. ఆ డిస్కును ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటే విండోస్, లైనక్స్, మ్యాక్ మూడూ చదువుతాయి, రాస్తాయి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కును మ్యాక్ చదువుతుంది కానీ దాని మీద తనంతట తాను రాయలేదు. ఫార్మాట్ చేస్తే లోపలున్నదంతా పోతుంది, ముందుగా ఖాళీ చేసుకోండి.

రోజువారీ పనిలో ఇంకో మూడు జాగ్రత్తలు:

• ఒకే ఫైలును ఒకే సమయంలో ఇద్దరు తెరిచి మార్చొద్దు. ఒకరు మూసేశాకే ఇంకొకరు తెరవాలి.

• ఫైలు పేర్లలో ప్రశ్నార్థకం, కోలన్ గుర్తులు పెట్టొద్దు. లైనక్స్ ఒప్పుకున్నా విండోస్ ఒప్పుకోదు. 

• ఇంగ్లిషు పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా ఉంటే లైనక్స్ వాటిని రెండు వేరు ఫైళ్లుగా చూస్తుంది, విండోస్ ఒకటేననుకుంటుంది. తెలుగులో పేరు పెడితే ఆ పేచీ లేదు, మనకు పెద్దక్షరాలు చిన్నక్షరాలు లేవు కదా.

బడికీ ఇదే దారి

బడి స్టాఫ్ రూములో ఒక విండోస్ కంప్యూటర్, దాతలిచ్చిన లాప్‌టాప్ ఒకటి, ఎవరో టీచరు సొంత లాప్‌టాప్ ఒకటి ఉంటే అక్కడా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఒక ఫోల్డర్, తరగతికొక అర, టీచర్లకు రీడ్-రైట్, పిల్లలు వాడే యంత్రానికి రీడ్ మాత్రమే. చిన్న బడిలో ఒకే టీచరు మూడు తరగతులు చూస్తారు. ఆ టీచరు బదిలీ అయినా, విరమణ చేసినా పాఠాల నోట్సు వాళ్ల పెన్‌డ్రైవ్‌తో పాటు వెళ్లిపోకూడదు. అది యూనికోడ్‌లో ఉండి, బడి కంప్యూటర్‌లో ఒకచోట ఉంటే, తర్వాత వచ్చేవాళ్లు ఏ లాప్‌టాప్ తెచ్చుకున్నా చదువుకోగలరు.

ఫిబ్రవరిలో ఇంకో రివిజన్ పరీక్ష జరిగింది. ఈసారి అమ్మాయి మేడ మీద మార్కుల పట్టిక సరిచేసి ఫైలు మూసింది. వాళ్లమ్మ హాల్లో అదే ఫైలు తెరిచి ప్రశ్నలు మార్చింది. పీడీఎఫ్ చేసి, ముప్పై ఎనిమిది కాపీలు తీసే ముందు పేపరంతా ఒకసారి చదివింది. పద్నాలుగో ప్రశ్న రెండుసార్లు చదివింది. పెన్‌డ్రైవ్ మాత్రం సొరుగులోనే ఉంది, వారానికొకసారి బయటికొస్తుంది.